వీధివైపు కిటికీ

ఆ పొద్దున ఆకాశం ఏకిన దూది పరిచినట్టుంది. వాన లేదు, ఎండా లేదు. వెలుతురు అన్ని వైపుల నుంచీ ఒక్కలాగే దిగుతోంది. ఇటుకల కుప్పకు నీడ లేదు, దాని పక్కన నిలబడ్డ మనిషికీ లేదు. మేస్త్రీ ఒకసారి తల ఎత్తి చూసి, “గోడకు ఇంతకంటే మంచి రోజు ఉండదు. తడి తొందరగా ఆరదు,” అని తాపీ అందుకున్నాడు.

డిజైనర్ స్కూటరుకు స్టాండు వేసి, హ్యాండిలుకు తగిలించిన సున్నంపొడి డబ్బా తీసుకుంది. డబ్బా అడుగున మేకుతో కొట్టిన చిల్లులున్నాయి. గోడలు మోకాలెత్తే ఉన్నాయి కాబట్టి ఎక్కడైనా దాటొచ్చు. ఆమె మాత్రం చుట్టూ తిరిగి, రేపు గుమ్మం నిలబడే చోటు నుంచే లోపలికి వచ్చింది.

ఇంతవరకు ఆమెను పిలిచినవాళ్లంతా ఇల్లు పూర్తయ్యాకే పిలిచారు. స్విచ్చి తలుపు వెనక్కి పోయిందని ఒకరు, మంచం వేస్తే బీరువా తెరుచుకోవడం లేదని ఒకరు. ఆమె వెళ్లి ఆ తప్పుల మీద చెక్క కప్పి, రంగేసి, పరదా కట్టి వచ్చేది. ఈ ఇంటివాళ్లు మాత్రం పునాది పూడ్చి నేల చదును చేసిన మర్నాడే కబురు పెట్టారు. కప్పడానికి ఇక్కడ ఇంకా తప్పులేమీ లేవు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆమె నడుం దానంతటదే నిటారుగా అయ్యేది.

మట్టినేల మీద డబ్బా ఆడిస్తూ ఆమె మంచం గీసింది, బీరువా గీసింది, బీరువా తలుపు తెరిస్తే ఎంతవరకు వస్తుందో అదీ గీసింది. అన్నీ అసలు కొలతలోనే.

“ఏంటమ్మా, గోడలు లేవకముందే ముగ్గులా? పరదాలు కూడా ఇప్పుడే కట్టేస్తావేమో. గాలికి కట్టాలి మరి,” అన్నాడు మేస్త్రీ. కూలీలు నవ్వారు. ఆమె వెనక అతను ఆమెను కర్టెన్లమ్మ అంటాడు. ఆమె ఎదుట కూడా అనేసేవాడే, నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోతోంది.

ఆ ఇల్లు మేస్త్రీ చెల్లెలిది. చెల్లెలు టైలరమ్మ. ఆమె భర్త సిటీబస్సు డ్రైవర్. చెల్లెలి ఇల్లు కాబట్టి మేస్త్రీ మిగతా పనులన్నీ ఆపుకుని వచ్చి, తాపీ ఇంకొకరి చేతికి ఇవ్వకుండా తనే కడుతున్నాడు.

“మీరు పొద్దున నిద్రలేచారు. ఇదిగో మంచం. ఏ పక్క దిగుతారు?” అని డిజైనర్ డ్రైవర్ని అడిగింది.

డ్రైవర్ సున్నపు గీతల మధ్య నిజంగానే వెల్లకిలా పడుకున్నాడు. “ఇటు. అటు దిగితే ఆవిడ కాళ్లు తొక్కుతా.”

“దిగి స్నానాలగదికి వెళ్లండి.”

అతను లేచి కాస్త నడిచి ఆగిపోయాడు. “ఇక్కడ బీరువా తలుపు తెరిచుంటే దారి లేదు మేడమ్. హారన్ కొట్టుకుంటూ పోవాలి.”

“అందుకే ఇప్పుడు నడవమంటున్నా,” అని ఆమె పాత గీతను కాలితో చెరిపి, బీరువాను అవతలి గోడకు మార్చింది. బీరువా ఇంత తేలిగ్గా జరగడం ఆమె ఉద్యోగంలో అదే మొదటిసారి.

టైలరమ్మ ఇదంతా ఒక పక్కన నిలబడి చూస్తోంది. మెడలో టేపు ఉంది. పని లేనప్పుడు కూడా ఆమె మెడలోంచి టేపు తీయదు. డిజైనర్ టేపు అడిగితే కుడిచేత్తో తీసి ఇచ్చింది. టీ గ్లాసు కుడిచేత్తో అందించింది. వంటగది గీతల్లో నిలబెట్టి కూర తరగమంటే, గాలిలో కుడిచేత్తో తరిగింది.

కుట్టుగది దగ్గరే మాట పెరిగింది. ఆ గది వీధి పొడవునా సాగే సన్నటి గది. ఒక పొడుగు గోడ వీధివైపు, రెండోది పెరడువైపు. బట్టలిచ్చేవాళ్లు వచ్చే గుమ్మం ఆ చివర. మేస్త్రీ లెక్కలో రెండు గోడలకూ కిటికీల్లేవు. పైన గాలికి చిన్న రంధ్రాలు చాలు.

“కటింగ్ బల్ల ఇక్కడ. అక్క గుమ్మంవైపు తిరిగి నిలబడతారు. ఎవరొచ్చారో కనబడాలి కదా. అప్పుడు పెరడు ఎడమపక్కకు వస్తుంది. పెరటిగోడకు పెద్ద కిటికీ కావాలి,” అంది డిజైనర్.

“కుట్టుమిషనుకు బల్బుంటుంది కదమ్మా.”

“మిషనుకు ఉంటుంది. బల్లకుండదు. రాసేవాళ్లకైనా కోసేవాళ్లకైనా వెలుతురు ఎడమ నుంచే రావాలి మేస్త్రీగారూ. లేకపోతే చేతి నీడ చేసే పని మీదే పడుతుంది.”

“ఇన్నాళ్లూ అద్దె ఇంట్లో కిటికీ పెట్టుకునే కోసిందా?”

“అందుకే ఇప్పుడు పెడుతున్నాం.”

డ్రైవర్ ఇద్దరి మధ్యా చూసి, “కిటికీ వల్ల గోడ పడిపోదు కద బావా,” అన్నాడు. మేస్త్రీ అతనికేసి ఒక చూపు చూశాడు. డిజైనర్ టైలరమ్మను బల్ల గీత ముందు నిలబెట్టి, “గుడ్డ ఉందనుకుని కోయండక్కా,” అంది. టైలరమ్మ కుడిచెయ్యి ఎత్తి రెండు వేళ్లు తెరిచి మూసింది. ఒకటి రెండుసార్లు తడబడింది. కొత్త మనిషి ముందు ఎవరైనా తడబడతారని డిజైనర్ అనుకుంది. ఆకాశం అలా ఉండటం వల్ల ఆ చేతికింద నీడే లేదు. వెలుతురు ఎటు నుంచి వస్తే ఏమవుతుందో చూపించేందుకు ఆ రోజు ఎండ సాక్ష్యం రాలేదు.

“మీకెలా ఉంది?”

“పెరడువైపైతే నాకూ బాగుంటుంది,” అంది టైలరమ్మ, నేలకేసి చూస్తూ.

మేస్త్రీ మెత్తబడ్డాడు. అందులో అతనికీ లాభం కనిపించింది. “సరే, పెరటిగోడ మీది. వీధిగోడ జోలికి మాత్రం రావద్దు. దానికి పూత పూయను. ఇటుక ఇటుకగా, సందు సందుగా, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క వంక లేకుండా తీస్తా. దారినపోయేవాడు ఆగి చూడాలి, ఇది ఎవరి చెల్లెలి ఇల్లని.”

“ఆగి చూస్తే బస్సు లేటవుతుంది,” అన్నాడు డ్రైవర్. ఈసారి మేస్త్రీ కూడా నవ్వాడు.

డిజైనర్ పెరటిగోడ మీద కిటికీ గుర్తు పెట్టింది. నుదుటి చెమట తుడుచుకుంటే మొహమంతా సున్నమైంది. ఆ సున్నం మొహంతోనే స్కూటరెక్కి, బజారు మధ్యలోంచి వెళ్లింది. అందరూ చూస్తున్నారని తెలిసినా తుడుచుకోలేదు.

*

గోడలు లేచాయి. మేస్త్రీ వీధిగోడ ముందు పొద్దున్నే దారం కడతాడు. దారం బిగించి వేలితో మీటుతాడు, అది తీగలా మోగితేనే తాపీ ముడతాడు. ఇటుకను తొట్టిలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, తీసి, చెయ్యి మీద తూచి చూసుకుని పెడతాడు. ఇటుకకూ ఇటుకకూ మధ్య సందును సన్నటి చువ్వతో గీరి నున్నగా లాగుతాడు. కూలీలు మధ్యాహ్నం పడుకుంటే అతను వీధి అవతలకు వెళ్లి, ఒక కన్ను మూసి గోడను చూసుకుంటూ నిలబడేవాడు. గోడ ఛాతీ ఎత్తు దాటింది. పెరటిగోడలో కిటికీ ఖాళీ చక్కగా తేలింది.

ఆ రోజు డిజైనర్‌కు బల్ల ఎత్తు మీద అనుమానం వచ్చింది. టైలరమ్మ చెప్పిన ఎత్తుకూ ఆమె నడుము ఎత్తుకూ పొసగడం లేదు. చూసి వద్దామని అద్దె ఇంటికి వెళ్లింది. ముందుగా చెప్పలేదు. తలుపు ఓరగా వేసి ఉంది. పిలవబోయి ఆగింది.

టైలరమ్మ గుమ్మానికి వీపు పెట్టి, గోడకు దాదాపు ఆనుకుని ఉన్న బల్ల ముందు నిలబడి ఉంది. గుడ్డ మీద ఒక్క గీత లేదు. కుడిచేతి వేళ్లు గుడ్డను పరిచి పట్టాయి. కత్తెర ఎడమచేతిలో ఉంది. కత్తెర కరకరమనడం లేదు, ఒక్కటే మెత్తటి ఊపిరిలాంటి చప్పుడుతో సాగిపోతోంది. మెడ ఒంపు దగ్గర ఎక్కడా ఆగకుండా తిరిగింది. చంక దగ్గర లోపలికి వంగి, మళ్లీ పైకి లేచి, అంచుకు వచ్చి వదిలేసింది. కోసిన ముక్క తనంత తాను పక్కకు ఒరిగింది.

డిజైనర్ అలాగే నిలబడిపోయింది. చదువుకునే రోజుల్లో చెయ్యి తిరిగినవాళ్లని చాలామందిని చూసింది. ఇలాంటి చెయ్యి చూడలేదు.

తర్వాత ఒక్కొక్కటీ కంటబడటం మొదలైంది. అది కుడిచేతివాళ్ల కోసం చేసిన కత్తెర. ఎడమచేత్తో పడితే పై బద్ద కోసే చోటును కప్పేస్తుంది. అందుకని టైలరమ్మ మెడ పక్కకు వంచి, బద్ద మీదుగా తొంగి చూస్తూ కోస్తోంది. బొటనవేలు ఒరుసుకునే చోట పిడికి గుడ్డ చుట్టి ఉంది. పైనుంచి దిగాల్సిన బల్బును పురికొసతో లాగి, కుడిపక్క మేకుకు కట్టారు.

కుడిపక్క.

డిజైనర్ కాలికింద వదులుగా ఉన్న బండ ఒకటి కదిలింది. టైలరమ్మ తల తిప్పింది. కత్తెర ఎడమచేతి నుంచి కుడిచేతికి ఎప్పుడు మారిందో కంటికి అందలేదు. కానీ మారడంలో మొన తగిలి, బల్ల మీదున్న గుడ్డకు చిన్న చీలిక పడింది.

“మీరా మేడంగారూ. రండి, రండి. చెప్పి ఉంటే టీ పెట్టేదాన్ని.”

“బల్ల ఎత్తు చూసుకుందామని వచ్చా.”

టైలరమ్మ చీలిక మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. డిజైనర్ ఎత్తు కొలిచింది. బల్ల ఆమెకు తగినదానికంటే ఎత్తుగా ఉంది. మెడ వంచి తొంగి చూసే మనిషికి అదే అనువు. ఆమె ఆ విషయం అడగలేదు. టీ తాగింది. టైలరమ్మ గ్లాసు కుడిచేత్తోనే ఇచ్చింది.

ఇంటికి వెళ్లాక, పొద్దు ఇంకా ఉండగానే, డిజైనర్ తన బల్ల దగ్గర పాత డ్రాయింగు కాగితం ఒకటి తీసి, కత్తెర ఎడమచేత్తో పట్టుకుంది. ఆమె కిటికీ బల్లకు ఎడమపక్కన ఉంటుంది. సరిగ్గా పుస్తకంలో చెప్పినట్టు ఉంటుంది. కత్తెర తెరవగానే పిడికిలి నీడ వచ్చి గీత మీద కూర్చుంది. చెయ్యి జరిపితే నీడా జరిగింది. ఆమె కత్తెర కింద పెట్టి, పిడికిలిని విప్పి, మూసి, చాలాసేపు చూసుకుంది.

మేస్త్రీతో పోట్లాడి మరీ పెట్టించిన కిటికీ. గోడలు లేవకముందే చేతికి వచ్చిన మొదటి ఇల్లు. ఎవరూ పట్టుకోలేని తప్పు అది. నోరు మూసుకుంటే ఆ బల్ల ముందు నిలబడే మనిషికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. ఆ మనిషి ఎలాగూ చెప్పదు.

*

మర్నాడు ఎండ చుర్రుమంటోంది. డిజైనర్ వెళ్లేసరికి మేస్త్రీ వీధిగోడకు దారం కడుతున్నాడు.

“మేస్త్రీగారూ, ఈ గోడ ఆపండి. కిటికీ ఇటు రావాలి.”

“ఏ గోడ?”

“ఇదే.”

మేస్త్రీ దారం చుట్టను మెల్లగా కింద పెట్టాడు. “మరి మొన్న నా ప్రాణం తీసి పెట్టించిన కిటికీ?”

“అది నా పొరపాటు.”

“ఏమన్నావు?”

“నా పొరపాటన్నాను. నేను తప్పు చేశాను.”

మేస్త్రీ కూలీలవైపు తిరిగాడు. అలాంటి మాట ఒంటరిగా వినడం అతనికి ఇష్టం లేదు. “విన్నార్రా? ఎడమ, ఎడమ అని పంతులమ్మలా పాఠం చెప్పింది కర్టెన్లమ్మ. ఇప్పుడు కుడి అంటోంది. రేపు పైనుంచి అంటుంది. కప్పుకు చిల్లు పెట్టి వెలుతురు పోద్దాం లెండి, గరాటుతో.”

డిజైనర్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా పక్కకు జరగలేదు. “కుడిచేత్తో కోసేవాళ్లకు ఎడమ నుంచి రావాలి. అక్క ఎడమచేత్తో కోస్తారు. వెలుతురు కుడి నుంచి రావాలి.”

మాట బయటపడ్డాక చూసింది. టైలరమ్మ గుమ్మం చోటులో నిలబడి ఉంది, చేతిలో టీ ఫ్లాస్కుతో. వెనకాల డ్రైవర్. కూలీల నవ్వు ఆగిపోయింది. అందరి కళ్లూ టైలరమ్మ చేతుల మీదికి వెళ్లాయి. ఆమె ఫ్లాస్కును మెల్లగా కుడిచేతికి మార్చుకుంది.

“నాదేం ఎడమ కాదు. మేడంగారు పొరబడ్డారు,” అంది.

డ్రైవర్ ఏదో అనబోయాడు. భార్య మొహం చూసి మాట మింగేశాడు.

మేస్త్రీ మాత్రం చల్లబడ్డాడు. గొంతులో ఒకరకమైన ముద్దు కూడా వచ్చింది. “ఉండేదమ్మా, అబద్ధమెందుకు. దానిది పుర్రచెయ్యే. పలక మీద రాస్తే అద్దంలో చూసుకుని చదవాలి. మా నాన్న నాకే అప్పజెప్పాడు. ఎడమచెయ్యి ముందుకొస్తే చాలు, స్కేలుతో ఒక్కటిచ్చేవాణ్ణి. అన్నం దగ్గర, పలక దగ్గర, నీళ్లు తోడేచోట. ఏడ్చేది పాపం. కానీ మాన్పించా. చిన్నప్పుడే పోయింది. ఇవాళ చూడు, ఊరంతా దాని దగ్గరే కుట్టించుకుంటోంది.” ఆ చివరిమాట అతను గోడవైపు చూస్తూ అన్నాడు, దాన్నీ తనే కట్టినట్టు.

“అయితే బల్లను అటుకు తిప్పేస్తే పోలా మేడమ్?” అన్నాడు డ్రైవర్, ఎవరికీ దెబ్బ తగలకుండా బండి తప్పించేవాడిలా. “పెరటి కిటికీయే కుడికొస్తుంది.”

“తిప్పితే వీపు గుమ్మానికి ఉంటుంది. కత్తెర నడుస్తుండగా వెనక నుంచి ఎవరైనా పలకరిస్తే?”

టైలరమ్మ కనురెప్పలు ఒక్కసారి కొట్టుకున్నాయి. మేస్త్రీ దారం చుట్ట తీసుకున్నాడు. “ఎవరికోసమమ్మా ఇదంతా? మనిషే వద్దంటోంది. రేపు పొద్దున్నుంచి ఈ గోడ పైకి లేస్తుంది. దాని మీద దూలం కూర్చున్నాక నువ్వే వచ్చి చూసి బాగుందంటావు.”

అతను కూలీలను తీసుకుని ఇంటి వెనకవైపు పనికి వెళ్లాడు. డ్రైవర్‌కు డ్యూటీ వేళైంది. గదిలో ఇద్దరే మిగిలారు.

“నలుగురిలో అలా అనకుండా ఉండాల్సింది. ముందు మిమ్మల్ని అడగాల్సింది. అది రెండో తప్పు,” అంది డిజైనర్.

టైలరమ్మ టీ పోసి ఇచ్చింది. ఫ్లాస్కు మూత బిగిస్తూ అడిగింది. “ఎంతసేపు చూశారు?”

“తెలీదక్కా. గీత లేకుండా మెడ ఒంపు కోశారు. పిలవాలన్న సంగతే మర్చిపోయా.”

“గీతెందుకు, చేతికి తెలుస్తుంది కదా,” అని, తర్వాత సిగ్గుపడింది. ఆ చేతి గురించి ఒకరు బాగుందన్న మాట ఆమె ఎప్పుడూ విని ఉండదు. ఎలా పుచ్చుకోవాలో తెలియలేదు. “కొత్తలో ఒకావిడ నేను కోస్తుంటే చూసింది. పుర్రచేత్తో కోస్తే బట్ట వంకర పోదా అని, సగం కోసిన గుడ్డ మడిచి పట్టుకుపోయింది. అప్పట్నుంచి గోడవైపు తిరిగి కోయడం అలవాటైంది. పెరటి కిటికీ అంటే సరేనన్నది కూడా అందుకే. అటునుంచి ఎవరూ చూడరు.”

“వీధివైపైతే చూస్తారు.”

“పొద్దస్తమానం ఎవరో ఒకరు చూస్తారు.”

“చూస్తారు,” అంది డిజైనర్. చూడరని చెప్పడానికి నోరు రాలేదు. “పెరటి కిటికీతో కూడా గడిచిపోతుందక్కా. బల్బు కట్టుకుని, మెడ వంచుకుని. ఇప్పుడు గడవడం లేదా, అలాగే. గది మీది. మీరెలాగంటే అలాగే.”

ఆమె గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయింది. మలుపు తిరిగేముందు వెనక్కి చూస్తే, టైలరమ్మ సున్నంగీతల బల్ల ముందు గుమ్మంవైపు తిరిగి నిలబడి ఉంది. పెరటి కిటికీ లోంచి ఎండ పడుతోంది. ఎడమచెయ్యి ముందుకు చాపి, దాని కింద నల్లగా కదిలే నీడను చూస్తోంది.

*

తర్వాతి రోజు డిజైనర్ రోజూ వచ్చే వేళ కంటే ముందే వచ్చింది. అయినా వీధిలోకి తిరగ్గానే తాపీ చప్పుడు వినబడింది. మేస్త్రీ అప్పటికే పరంజా ఎక్కి, వీధిగోడ మీద కొత్త వరస మొదలుపెట్టాడు. శుభ్రమైన చొక్కా వేసుకున్నాడు. ఆ గోడ కట్టేటప్పుడు అతను మంచి చొక్కాయే వేసుకుంటాడు.

డిజైనర్ చెప్పాల్సింది చెప్పేసింది. వంటగది గీతల దగ్గరికి వెళ్లి టేపు తీసింది. కొలతలు చూస్తోందే గాని అంకెలు బుర్రలోకి ఎక్కడం లేదు.

టైలరమ్మ మూటతో వచ్చింది. వెనకాల డ్రైవర్ భోజనం క్యారియర్ పట్టుకుని వచ్చాడు, ఆ రోజు సెలవు పెట్టినట్టున్నాడు. టైలరమ్మ కుట్టుగదిలోకి వెళ్లి, రెండుపక్కలా ఇటుకలు పేర్చి, వాటిమీద పరంజా చెక్క ఒకటి వేయించింది. చెక్కమీద పాతదుప్పటి, దానిమీద గుడ్డ. గుడ్డ పోగు నిలువుగా ఉందో లేదో ఒకసారి చూసుకుని, మూటలోంచి కత్తెర తీసింది.

“అన్నయ్యా, ఒకసారి ఇటు చూడు.”

“పని మీదున్నానే. సిమెంటు గట్టిపడుతుంది.”

ఆమె ఇంకోసారి పిలవలేదు. కోయడం మొదలుపెట్టింది. ఇటుకలందించే మనిషి ముందు చూశాడు. అందించడం మానేశాడు. సిమెంటు కలిపే ఆవిడ పార మీద చెయ్యి ఆనించి నిలబడింది. చెయ్యి చాపితే ఇటుక రాకపోయేసరికి మేస్త్రీ తిరిగి చూశాడు.

“ఏంటే అది?”

“పని.”

“ఆ చేత్తోనా?”

కత్తెర ఆగలేదు. అంచు దాకా వెళ్లి, ముక్క వేరుచేసి, అప్పుడు ఆమె తల ఎత్తింది. “నువ్వేసుకున్న చొక్కా ఏ చేత్తో కోశాననుకున్నావ్?”

మేస్త్రీ తన ఛాతీకేసి చూసుకున్నాడు. బొత్తాల పట్టీ పైనుంచి కిందిదాకా తూకపుగుండు దారం వేలాడదీసినట్టు నిట్టనిలువుగా ఉంది. భుజం దగ్గర కుట్టు ఎక్కడా గుంజలేదు.

“మొన్న పెళ్లిలో వేసుకున్నదీ? ఎవరు కుట్టారు, ఎవరు కుట్టారు అని అందరూ అడిగారని చెప్పి మురిసిపోయావే, అదీ ఈ చెయ్యే.”

“మరి... మాన్పించాను కదే.”

“నీ ముందు మానేశాను.”

పరంజా కిర్రుమంది. మేస్త్రీ బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకున్నాడు.

“అద్దె ఇంట్లో గోడవైపు తిరిగి కోశాను. ఇల్లు మనది కాదు, సరే. సొంత ఇంట్లో కూడా గోడవైపే తిరగాలా అన్నయ్యా? అదీ నువ్వు కట్టిన గోడ.”

ఆమె గొంతు పెంచలేదు. కళ్లలో నీళ్లు లేవు. కత్తెర ఎడమచేతిలోనే ఉంది, ఎక్కడికీ మారలేదు. డ్రైవర్ క్యారియర్ కింద పెట్టడం మర్చిపోయి పట్టుకునే నిలబడ్డాడు. భార్య అంత పొడుగు మాట మాట్లాడటం అతను కూడా మొదటిసారి విన్నాడేమో, ఈవిడ మా ఆవిడేనని అందరికీ చూపిస్తున్నట్టు గడ్డం పైకెత్తుకుని ఉన్నాడు.

మేస్త్రీ తాపీని సిమెంటు తట్టలో గుచ్చి, కిందికి దిగాడు. ఏమంటాడోనని అందరూ చూస్తున్నారు. అతను చొక్కా బొత్తాలు ఒక్కొక్కటీ విప్పాడు. చొక్కాను తిరగేసి లోపలివైపు కుట్లు చూశాడు. చంక దగ్గర వేలితో తడిమాడు. మడిచి, సిమెంటు చుక్క పడని చోటు వెతికి, దూరంగా పరంజా గుంజకు తగిలించాడు. వెనక్కి వచ్చి సుత్తి, ఉలి తీసుకున్నాడు.

“ఎక్కణ్ణుంచి?”

టైలరమ్మ మెడలో టేపు తీసి, బల్ల అంచు నుంచి గోడ దాకా కొలిచింది. మూటలోంచి సుద్ద తీసి, ఎడమచేత్తో ఇటుకల మీద నిలువుగా గీత గీసింది. కాస్త దూరం జరిగి, ఇంకొకటి. మేస్త్రీ ఆ చేతినే చూస్తున్నాడు. అలవాటు కొద్దీ మట్టం బద్ద తీసి గీతకు ఆనించాడు. గీతకూ బద్దకూ మధ్య వెంట్రుక దూరలేదు. బద్దను వెనక్కి తీసి, గోడకు ఆనించి పెట్టాడు. రెండో గీతకు ఆనించి చూడలేదు.

“కింద ఎక్కడ ఆపమంటావమ్మా?” ఈసారి అడిగింది డిజైనర్‌ను.

“బల్లకు రెండు వరసలు పైన.”

“తలుపులు?”

“మడతవి. వీధిలో పోయేవాళ్లకు తగలకుండా.”

“మరి కర్టెను?” అలవాటైన వెటకారం నోటికి వచ్చేసిందే గాని, అందులో పస లేదు.

డిజైనర్ జవాబు చెప్పేలోగా టైలరమ్మ అంది. “వద్దు.”

మేస్త్రీ తల ఊపాడు. మొదటి ఇటుక సందులో ఉలి పెట్టి, చిన్నగా కొట్టాడు. నిన్నా మొన్నా పెట్టిన ఇటుకలే కాబట్టి పట్టు ఇంకా పూర్తిగా బిగియలేదు. అయినా ఒక్కటీ పగలకుండా, పెంకు లేవకుండా, పెట్టినంత ఓపికగా తీశాడు. తీసిన ప్రతి ఇటుకకూ సిమెంటు గీరి పక్కన పేర్చాడు. కూలీ ఒకడు సాయం రాబోతే మోచేత్తో అడ్డం పెట్టాడు. డిజైనర్ ఊరికే చూడలేక ఇటుకలు అందుకోవడానికి నిలబడింది. ఆమెను మాత్రం వద్దనలేదు. ఇద్దరి మధ్యా ఇటుకలు చేతులు మారాయి.

ఖాళీ పెరుగుతున్నకొద్దీ వీధి లోపలికి వచ్చింది. ముందు ఒక సైకిలు బెల్లు, తర్వాత ఎవరివో కాళ్లు, తర్వాత మొహాలు. వెలుతురు కుడిపక్క నుంచి బల్లమీదికి జారింది. టైలరమ్మ గుడ్డ మడత విప్పి, చెయ్యి పెట్టి చూసుకుంది. నీడ గుడ్డ అవతలి అంచున, పనికి అడ్డం రాకుండా పడింది. ఆమె మెడ వంచకుండా కోసింది.

డిజైనర్ అందుకున్న ఇటుక చేతిలోనే ఉండిపోయింది. తను పెట్టింది కాదు ఆ కిటికీ. పెరటి కిటికీతో గడిచిపోతుందని కూడా తనే చెప్పింది. అయినా ఇంతవరకు చేసిన ఏ ఇంట్లోనూ ఏ గోడ ముందూ ఆమె ఇలా చేస్తున్న పని మర్చిపోయి నిలబడలేదు.

మధ్యాహ్నానికి ఖాళీ పూర్తయింది. డ్రైవర్ కుట్టుగది నేల మీద దుప్పటి పరిచి క్యారియర్ విప్పాడు. అన్నం, కూర, ఒక గిన్నెలో మజ్జిగ. కూలీలు చెట్టునీడకు వెళ్లారు. నలుగురూ కూర్చున్నారు. డిజైనర్ వెళ్తానని లేవబోతే మేస్త్రీ ఆమె ముందుకు పళ్లెం జరిపాడు. అతని భుజాల మీద ఎర్రటి ఇటుక పొడి అలాగే ఉంది. అన్నం ముందు చెల్లెలికి వడ్డించి, తర్వాత డిజైనర్‌కు, డ్రైవర్‌కు వడ్డించి, అందరికంటే చివర తను పెట్టుకున్నాడు.

వీధిలో ఇద్దరు ఆడవాళ్లు పోతూ పోతూ కొత్త ఖాళీ దగ్గర నడక తగ్గించారు. లోపలికి చూశారు. బల్లమీద సగం కోసిన గుడ్డను, దానిమీద కత్తెరను, కింద కూర్చున్న మనుషులను చూశారు. టైలరమ్మ తల దించుకోలేదు. వాళ్లకేసి చూస్తూనే ముద్ద నమిలింది.

మేస్త్రీ ఖాళీకి అడ్డంగా కూర్చున్నట్టు అప్పుడు చూసుకున్నాడు. పళ్లెం ఎత్తుకుని పక్కకు జరిగాడు. వెలుతురు చెల్లెలి ఒళ్లో పడింది. నలుగురూ తింటూ ఉన్నారు.